పడని చెట్టు

"నీ పేరే కదా అడుగుతున్నాను, రాసిస్తే అరిగిపోతుందా?"

ఓతీలియా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండగా ఆమె భర్త తెయోఫిల్ అన్న మాట అది. అని కొన్నేళ్ళయింది. అయినా ప్రతి వేసవిలోనూ క్యాంపు వంటింట్లో మొదటి విడత పిండి కలిపేటప్పుడు ఆ మాట రాయిలా వేలికి తగులుతూనే ఉంటుంది. ఆ రోజు అతను ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో కలం పట్టుకుని నిలబడ్డాడు. పిల్లల క్రీడా క్యాంపు నడపాలంటే జిల్లా ఆఫీసులో ఒక బాధ్యుడి పేరు ఇవ్వాలి. ఆ మనిషి ఆటల చదువు చదివి ఉండాలి. సంఘం మొత్తం గాలించినా ఆ చదువు ఉన్నది ఓతీలియా ఒక్కదానికే. "అరిగిపోదులే" అని ఆమె కూడా నవ్వి, కుడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని సంతకం పెట్టింది. "నీకు జైలు పడితే రోజూ క్యారేజీ తెస్తాలే" అన్నాడు తెయోఫిల్. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను బయటికి వెళ్ళి క్యాంపు డైరెక్టరయ్యాడు. ఆమె మళ్ళీ పిండిలో చేతులు పెట్టింది.

పెళ్ళికి ముందు ఓతీలియా హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. ఓరాద్యా నగరంలో చదువుకునే రోజుల్లో ఆమె చేతులు చాస్తే గోలు సగం మూసుకుపోయేదని ఎదుటి జట్టు పిల్లలు తిట్టుకునేవారు. చదువయ్యాక బడిలో ఆటల టీచరుగా చేరింది. పెళ్ళయింది, దమారిస్ పుట్టింది, ఈ కొండ లోయలో బాప్టిస్టు సంఘం పిల్లల క్యాంపు మొదలుపెట్టింది. అంతే, ఉద్యోగం ఎప్పుడు మానేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. మానెయ్యమని ఎవరూ గట్టిగా అనలేదు మరి. "దేవుడి పని ముందా, బడి గంట ముందా?" అని అత్తగారు సావెతా ఒకసారి అంది. "వంటకి మనిషిని పెట్టుకునే స్తోమత సంఘానికి లేదు కదా" అని తెయోఫిల్ ఒకసారి అన్నాడు. "మీ జీతం పరలోకంలో జమ అవుతోంది సిస్టర్" అని పాస్టర్ ఇలారియె చాలాసార్లు అన్నాడు. తెయోఫిల్ జీతం మాత్రం ఈ లోకంలోనే వచ్చేది. విదేశీ అతిథులొస్తే ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మా ఆవిడ. ఈ లోయలో ఇలాంటి సర్మాలె చుట్టే చెయ్యి ఇంకోటి లేదు" అని పరిచయం చేసేవాడు. ఆమె కైమా నింపిన క్యాబేజీ ఆకు మడతపెడుతూ తల వంచుకునేది. క్యాంపు నడుస్తున్నది తన చదువు మీదని ఒక్క అతిథికైనా చెప్పి ఉంటే బాగుండునని అనుకునేది. మళ్ళీ అది గర్వమేమోనని ప్రార్థనలో ఒప్పుకునేది.

ఈ ఏడు వసంతంలో తెయోఫిల్‌కి జిప్‌లైన్ మీద మోజు పుట్టింది. ఏటికి ఇవతల చెక్కలతో ఎత్తుగా ఒక బురుజు కట్టారు. అవతలి గట్టున, క్యాంపు పుట్టకముందు నుంచీ ఉన్న ముసలి ఓక్ చెట్టుకి ఉక్కు తీగ లాగి బిగించారు. నడుముకి బెల్టు కట్టుకుని గిలకకి వేలాడితే ఇక్కణ్ణుంచి అక్కడికి, కింద రాళ్ళ మీద ఏరు పరుగెడుతుంటే, గాల్లో దూసుకుపోవచ్చు. తీగ సంఘ పెద్ద గవ్రిల్ ఇచ్చాడు. అతనికి కలప కోసే సామిల్లు ఉంది. కొండ మీంచి దుంగలు దించిన పాత తీగ అది. జర్మనీలోని సోదర సంఘం వాళ్ళు వస్తున్నారు, శనివారం ప్రతిష్ఠ అని అందరికీ కబురు వెళ్ళింది.

పనివాళ్ళకి మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో వండిన మమలిగ, పుల్లటి మీగడ పట్టుకెళ్ళినప్పుడు ఓతీలియా ఆ చెట్టు మొదలు చూసింది. వేళ్ళ మధ్య అరచేతి మందాన పుట్టగొడుగులు, ఒకదాని మీద ఒకటి. బెరడుని బొటనవేలితో నొక్కితే తడిసిన రొట్టెలా లోపలికి పోయింది. రాయి తీసుకుని కొట్టింది. ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క డొల్లగా మోగింది. మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు చుట్టూ కొట్టుకుంటూ వచ్చింది.

"తెయో, ఈ చెట్టు వేరు కుళ్ళింది."

"కుళ్ళిన చెట్టుకి ఇన్ని ఆకులుంటాయా?"

"ఆకులు ఆఖర్న రాలతాయి. తీగ కూడా ఎన్నేళ్ళదో మనకి తెలీదు. ఇంజనీరుని ఎవర్నైనా పిలిపించి పరీక్ష చేయిద్దాం. అప్పటిదాకా పిల్లల్ని ఎక్కించొద్దు."

గిన్నె అందుకుంటున్న గవ్రిల్ నవ్వాడు. "ఈ తీగ మీద దుంగలు దిగాయి సిస్టర్. మీ పిల్లలు దుంగల కంటే బరువా?"

అందరూ నవ్వారు. తెయోఫిల్ అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు. దానికి చెప్పాల్సిన జవాబు ఓతీలియాకి గిన్నెలు కడిగేటప్పుడు తోచింది. దుంగ పడితే ఇంకో దుంగ కొట్టుకుంటారు బ్రదర్. కానీ అప్పటికి వినేవాళ్ళెవరూ లేరు, కుళాయి తప్ప.

"పదిమంది మధ్య నా పరువు తీసే బదులు, ఆ ముక్క నా ఒక్కడికే చెప్పొచ్చుగా" అన్నాడు తెయోఫిల్ ఇంటికొచ్చాక. "సరే, ఇప్పుడు నీ ఒక్కడికే చెప్తున్నా" అని ఆమె మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అతను బూట్లు విప్పుకుంటూ విన్నాడు. విని, "నీకు భయం ఎక్కువ ఓతీ. మొదట్నుంచీ అంతే" అన్నాడు. బంతి మొహం మీదికి దూసుకొస్తుంటే కళ్ళు మూసుకోకుండా నిలబడటమే ఒకప్పుడు ఆమె పని. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ ఆట చూసే ఆమెని ఇష్టపడ్డాడు కూడా.

గురువారం సాయంత్రం పెద్దలు వాళ్ళింట్లోనే కూర్చున్నారు, శనివారం కార్యక్రమం మాట్లాడుకోవడానికి. ఏ పాట, ఎవరి సాక్ష్యం, రిబ్బను ఎవరు కత్తిరించాలి. ఓతీలియా వాల్‌నట్ కేకు కోసి, టీ పోసి, వెళ్ళిపోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"పాస్టర్ గారూ, ఒక మాట. కొత్త ఇల్లు కడితే పైన పిట్టగోడ కట్టమని వాక్యంలో ఉంది కదా. ఎవరైనా పడితే ఆ రక్తం నీ ఇంటి మీదికొస్తుందని ఉంది. పొడిచే ఎద్దని చెప్పినా కట్టెయ్యకపోతే ఆ దోషం యజమానిదేనని కూడా ఉంది. నేను చెప్తున్నాను, ఆ చెట్టు పొడిచే ఎద్దు."

పాస్టర్ ఇలారియె నెమ్మదస్తుడు. ఎవరినీ కసరడు. చిరునవ్వుతో కప్పు కింద పెట్టాడు. "మంచి వాక్యాలే ఎత్తారు సిస్టర్. కానీ అది ధర్మశాస్త్రం. మనం కృప కింద ఉన్నాం."

"కృప కిందే ఉన్నాం పాస్టర్ గారూ. చెట్టు కింద కూడా ఉన్నాంగా?"

తెయోఫిల్ మెడ ఎర్రబడింది. అప్పుడు గవ్రిల్ తన పళ్ళెం చాపాడు. "కేకు ఇంకో ముక్క ఉందా సిస్టర్?"

ఆమె తెచ్చింది. అదే ఆమెని ఆ రాత్రంతా మంచం మీద దొర్లించింది. వాళ్ళు వినకపోవడం కాదు, తను కేకు తేవడం. అడిగితే తెచ్చే అలవాటు ఎముకల్లోకి ఎప్పుడు దిగిందో! తన పని ఎవరికీ ఎందుకు కనపడదో అప్పుడే ఆమెకి అర్థమైంది. ఇంటి పని చేస్తే ఏమీ జరగదు. నేల తుడిస్తే ఎవరూ జారిపడరు, పాలు సరిగ్గా దాస్తే ఎవరికీ కడుపునొప్పి రాదు, పిల్లకి టోపీ పెడితే జ్వరం రాదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ ఏమీ చెయ్యలేదనే లెక్క. ఒక్కరోజు మానేస్తేనే ఆ పని కళ్ళబడుతుంది, అదీ ఆమె తప్పుగా. ఆడవాళ్ళ పనంతా ఏమీ జరగకుండా చూడటమే. ఆటల చట్టం పాఠం చెప్పిన ముసలి ప్రొఫెసరమ్మ కూడా తిప్పితిప్పి ఇదే చెప్పేది: ప్రమాదం ఒక్క క్షణంలో జరగదు పిల్లలూ, చాలా రోజుల పాటు అందరూ చూస్తుండగానే జరుగుతుంది. అప్పుడది ఓతీలియాకి పరీక్షలో రాసే వాక్యం. ఇప్పుడు పక్కలో గురక పెట్టి నిద్రపోతున్న మొగుడు.

శనివారం ఎండ బాగా కాసింది. సంఘం బాకాల బృందం ఇత్తడి బూరలు తళతళలాడించుకుంటూ వచ్చింది. జర్మనీ అతిథులు ముందు వరసలో కూర్చున్నారు. ఓతీలియా వంటింటి కిటికీలోంచి చూస్తూ చొర్బా పులుసు కలుపుతోంది. నిన్న రాత్రి కూడా చెప్పింది. తెయోఫిల్ ఈసారి సగం దిగొచ్చి, "శనివారం గడవనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. కాబట్టి ఊరికే రిబ్బను కత్తిరించి ఊరుకుంటారని ఆమె అనుకుంది.

మైకులో తెయోఫిల్ గొంతు వినపడింది. "కొందరికి అనుమానాలున్నాయి. విశ్వాసం అంటే ఏమిటో మాటలతో చెప్పను, చూపిస్తాను. మొట్టమొదట వెళ్ళేది నా సొంత కూతురు!"

చప్పట్లు మోగాయి. బురుజు పైన దమారిస్ నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, నడుముకి బెల్టు, తలకి హెల్మెట్. నవ్వుతోంది. ఆ నవ్వు తల్లికి తెలుసు. ఆదివారం బడిలో కంఠతా పట్టిన వాక్యం మరిచిపోయినప్పుడు నవ్వే నవ్వు.

ఓతీలియా పొయ్యి కట్టేసింది. అంత హడావుడిలోనూ పొయ్యి కట్టేసిందని తర్వాత తలుచుకుని తనే ఆశ్చర్యపోయింది. ఏప్రన్‌తోనే మైదానం దాటి, జనం మధ్యనుంచి నడిచి, నిచ్చెనెక్కింది. పైన తీగ మొదలయ్యే చోట చిన్న గేటు ఉంది. పిల్లని పక్కకి తప్పించి, ఆ గేటులో కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ రెండు కొయ్యల మీదికీ చాచి నిలబడింది. ఎలా నిలబడాలో ఒంటికి ఇంకా గుర్తుంది.

"ఓతీ, దిగు" అన్నాడు తెయోఫిల్. అతను పైనే, పిల్ల పక్కనే ఉన్నాడు, మైకు చేతిలోనే ఉంది. ఆపాలని అతనికి తోచలేదు.

"దిగను. ముందు పిల్ల బెల్టు విప్పు."

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు? అతిథులున్నారు."

"చూస్తున్నాను. పిల్ల కూడా ఉంది."

"అమ్మా, ప్లీజ్" అంది దమారిస్ పళ్ళ మధ్య నుంచి. "అందరూ చూస్తున్నారు."

కింద నుంచి పాస్టర్ ఇలారియె పైకి చూస్తూ చేతులు జోడించాడు. "సిస్టర్, దిగండి. భార్య భర్తకి లోబడి ఉండాలని మీకు నేను చెప్పాలా?"

"ఇంట్లో లోబడే ఉన్నాను పాస్టర్ గారూ, మీరంతా తిని వెళ్తూనే ఉన్నారు." మైకు ఆ మాటని ఏటి అవతలి దాకా మోసుకెళ్ళింది. "ఇక్కడ నేను భార్యని కాను. ఈ క్యాంపుకి బాధ్యురాలిని. జిల్లా ఆఫీసులో ఉన్న పేరు నాది. రేపు ఎవరి పిల్లయినా ఆ రాళ్ళ మీద పడితే పోలీసులు డైరెక్టరు గారిని వదిలేసి నన్నడుగుతారు. అది పోనీండి. దేవుడు కూడా అడుగుతాడు. నీకు తెలుసు కదా, మరి చొర్బా ఎందుకు కలుపుతూ కూర్చున్నావని అడుగుతాడు. అప్పుడు ఏం చెప్పను? మా ఆయన నవ్వాడు ప్రభువా అని చెప్పనా?"

పెద్ద బూర పట్టుకున్నతను ఊదబోయి ఊదకుండా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జర్మనీ అతిథులకి అనువాదం చేసే కుర్రాడు చేతులెత్తేశాడు.

"పరీక్ష చేయించేదాకా ఇది మూసేశాను" అంది ఓతీలియా. కూతురి బెల్టు తనే విప్పింది. పక్కనే ఉన్న పనిముట్ల పెట్టెలోంచి తాళం తీసి గేటుకి వేసి, తాళంచెవి ఏప్రన్ జేబులో వేసుకుని కిందికి దిగింది. దిగి, వంటింట్లోకెళ్ళి, పొయ్యి మళ్ళీ వెలిగించి, అందరికీ తనే వడ్డించింది. చాలామంది పళ్ళెంలోకి చూస్తూ తిన్నారు. గవ్రిల్ రెండోసారి అడగలేదు.

చెట్టు పడలేదు.

ఆదివారం పడలేదు, సోమవారం పడలేదు. మంగళవారం గవ్రిల్, తెయోఫిల్ కలిసి తాళం ఉన్న గేటు మీద నుంచే ఇసుక మూటలు గిలకకి కట్టి వదిలారు. మూటలు ఒకదాని తర్వాత ఒకటి చల్లగా వెళ్ళి ఓక్ చెట్టు దగ్గర ఆగాయి. చూడ్డానికి చేరినవాళ్ళు ప్రతి మూటకీ చప్పట్లు కొట్టారు. "చూశారా సిస్టర్?" అన్నాడు గవ్రిల్. "చూశాను" అంది ఆమె. ఒక్కో మూట వెళ్తున్నప్పుడల్లా ఆమె చూస్తున్నది మూటని కాదు, చెట్టు మొదట్లో ప్రతిసారీ రవ్వంత విచ్చుకుని మూసుకుంటున్న మట్టిని. నిజంగా విచ్చుకుందా, తన కళ్ళు అలా చూపించాయా? ఆ అనుమానం ఆమెకీ ఉంది. చెట్టు గట్టిదేనేమో. తను పంతం కొద్దీ పదిమందిలో మొగుణ్ణి పడగొట్టిందేమో. ప్రార్థన చేసింది. నేను తప్పయితే చెప్పు ప్రభువా అని అడిగింది. ప్రభువు ఏమీ చెప్పలేదు. చెట్టూ ఏమీ చెప్పలేదు.

ఊళ్ళో అందరూ చెప్పారు. రొట్టెల దుకాణంలో, బస్సు దగ్గర, చర్చి మెట్ల మీద ఒకే పలకరింపు. ముందు "సమాధానం కలుగుగాక సిస్టర్" అనేవారు, తర్వాత "చెట్టు పడిందా?" అనేవారు. మొదట్లో ఆమె మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఒకరోజు రొట్టెల దుకాణంలో అలా అడిగిన ఆవిడని ఆపి, "మీ ఇల్లు తగలబడిందా?" అని అడిగింది. "అదేం మాట?" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి రాత్రి పొయ్యి ఎందుకు ఆర్పారు?" అని రొట్టె తీసుకుని బయటికొచ్చింది. ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఇంట్లో నవ్వు లేదు. తెయోఫిల్ మాటలు ఉప్పులా కొలిచి వేస్తున్నాడు. "చొక్కా." "ఫోను." "బల్బు పోయింది." ఒకే ఒక్కసారి పెద్ద వాక్యం అన్నాడు. "నువ్వు నన్ను గోడకి కొట్టావు ఓతీ, మేకులా." అతను చెడ్డవాడు కాదు. దమారిస్ పుట్టినప్పుడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాడు. చెడ్డవాడైతే ఈ పని ఎంత తేలికయ్యేదో అనుకుంది.

కూతురు అంతకంటే మొండి. తల్లి వడ్డిస్తే తినేది కాదు, లేచి తనే పెట్టుకునేది. ఒక సాయంత్రం ఉతికిన దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతుండగా ఉన్నట్టుండి అంది. "బడిలో అందరూ నన్ను 'మూట' అని పిలుస్తున్నారు, తెలుసా? ఇసుక మూట వెళ్ళింది, నువ్వు వెళ్ళలేదు అని."

"నీకు వెళ్ళాలనుందా?"

దమారిస్ దుప్పటి కొస లాగి పట్టుకుంది. "లేదు. చచ్చేంత భయమేసింది. నాకూ ఆ పుట్టగొడుగులు కనపడ్డాయి. అయినా వెళ్ళేదాన్ని."

"ఎందుకు?"

"నాన్న కోసం."

ఎంత మామూలుగా అందో! పాలు విరిగాయి అన్నట్టు. ఓతీలియా చేతిలో దుప్పటి జారింది. పిండి చేతులు తుడుచుకుని సంతకం పెట్టిన ఆడది ఆ గదిలో తనొక్కతే కాదు. ఎవరూ నేర్పకుండానే పిల్ల నేర్చుకుంది. ఎవరూ నేర్పకుండానేనా? రోజూ చూపిస్తూనే ఉందిగా తను. తల్లి నోరు మూసుకుని కేకు తెచ్చిన ప్రతిసారీ కూతురు ఒక మెట్టు పైకెక్కింది, ఆ బురుజు మీదికి. చెట్టు గట్టిదా కుళ్ళిందా అనే అనుమానం ఆ క్షణాన ఓతీలియాకి ఎందుకూ కొరగానిదైపోయింది.

జూన్ చివరి ఆదివారం ఆరాధన తర్వాత సంఘ కూటం పెట్టారు. ఆమె విషయమే. ఓతీలియా తలకి గుడ్డ కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. పక్కన అత్తగారు సావెతా. తెయోఫిల్ పెద్దల బల్ల దగ్గర, కళ్ళు నేల మీద పెట్టుకుని.

గవ్రిల్ దయగానే మొదలుపెట్టాడు. "సిస్టర్‌ని బాధపెట్టడం మా ఉద్దేశం కాదు. ఇంత బరువు ఆడమనిషి మీద పెట్టడం మాదే పొరపాటు. క్లూజ్ నగరంలో మా అక్క కొడుకుకి ఈ చదువే ఉంది. పేరు ఇస్తానన్నాడు. అతను ఇక్కడికి రానక్కర్లేదు కూడా. సిస్టర్ తన పేరు వెనక్కి తీసుకుంటే చాలు. హాయిగా తన వంటింటికి తను వెళ్ళిపోవచ్చు. ఒక్క క్షమాపణ చెప్తే, రొట్టె తీసుకునే ప్రభువు బల్లకి దూరం పెట్టాల్సిన అవసరం కూడా ఉండదు."

ఎంత తేలిక దారి! జనంలో కొందరు ఊపిరి వదిలారు. పాస్టర్ ఇలారియె ఆమెకేసి ఆశగా చూశాడు.

ఓతీలియా లేచి నిలబడింది. "పేరు వెనక్కి తీసుకోను."

"సిస్టర్..."

"పేరంటే ఇన్నాళ్ళూ నాకూ తెలీలేదు బ్రదర్. కాగితం మీద నల్లటి గీత అనుకున్నాను. క్లూజ్‌లో కూర్చున్న కుర్రాడికి మన పిల్లల పేర్లైనా తెలుసా? నాకు తెలుసు. ఎవరికి ఆయాసం, ఎవరికి ఈత రాదు, ఎవరు భయమేసినా చెప్పుకోరు, అన్నీ తెలుసు. బాధ్యురాలిగా నేనే ఉంటాను. ఇంజనీరుని పిలవండి. చెట్టు, తీగ, బురుజు అన్నీ చూసి పనికొస్తుందని రాసిస్తే ఆ రోజే తాళం నా చేత్తో తీస్తాను."

గవ్రిల్ ముందుకి వంగాడు. "సరే. చెట్టు గట్టిదనే తేలిందనుకోండి. అప్పుడైనా సంఘం ముందు క్షమాపణ చెప్తారా?"

"చెట్టు గట్టిదని తేలితే దేవుడికి వందనం చెప్తాను. క్షమాపణ మాత్రం చెప్పను."

"అదేం న్యాయం? మీరు తప్పని తేలాక కూడానా?"

"పిట్టగోడ కట్టాక ఎవరూ పడలేదని, కట్టినవాణ్ణి క్షమాపణ చెప్పమంటారా బ్రదర్?" ఆమె అక్కడితో ఆపలేదు. "ఇంకో మాట కూడా చెప్పి కూర్చుంటాను. గవ్రిల్ బ్రదర్ అన్నట్టు బరువు ఎక్కువైన మాట నిజం. రెండు పనులు ఒక మనిషి చెయ్యలేదు. పిల్లలకి కాపలా ఉండాల్సిన మనిషి వంటింట్లో ఉంటే, అది కూడా ప్రమాదమే. అందుకని ఒకటి వదిలేస్తున్నాను. సోమవారం పిల్లలొస్తారు. వంటకి ఎవరినైనా చూసుకోండి."

రేగిన కల్లోలం ఇంతా అంతా కాదు. జిప్‌లైన్‌కి తాళం వేసినప్పుడు కూడా అంత గోల లేదు. ఆ తర్వాత చేతులెత్తమన్నారు. కోత పండుగ దాకా ఓతీలియాని ప్రభువు బల్లకి దూరంగా ఉంచడానికి ఎక్కువ చేతులే లేచాయి. తెయోఫిల్ చెయ్యి ఎత్తలేదు. మోకాలి మీద పిడికిలి బిగించుకుని ఉండిపోయాడు. ఓతీలియా పక్కనే ఉన్న ముడతల చెయ్యి మాత్రం అందరితోపాటు పైకి లేచింది. ఆ చేతికి రోజూ నూనె రాసేది ఆమే.

అత్తాకోడళ్ళిద్దరూ ఇంటికి ఒకే దారిన నడిచారు. ముసలావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. వంతెన దగ్గర ఆగింది.

"నేను చెయ్యెత్తాను."

"చూశాను అత్తయ్యా."

"ఏమనుకోకు. నా వయసులో సంఘంతో పోట్లాడి ఏ వాకిట్లో చావను?" చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పిల్లని మాత్రం దాని మీదికి ఎక్కించకు. ఆ చెట్టు దగ్గర నాకూ మనసు బాగుండదు."

ఓతీలియాకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత జాలేసింది. తర్వాత ఆ రెండూ కాని ఒక నిబ్బరం వచ్చింది. "ఆ మాట లోపల అనాల్సింది అత్తయ్యా" అంది మెల్లిగా. వంతెన దిగేటప్పుడు సావెతా కోడలి మోచెయ్యి పట్టుకుంది.

సోమవారం పిల్లలొచ్చారు. ఓతీలియా ఏప్రన్ కట్టుకోలేదు. మెళ్ళో ఈల వేసుకుని పొద్దున్నే మైదానమంతా నడిచింది. గోలు కొయ్యలు ఊపి చూసింది, ఏటి గట్టున తాడు కట్టించింది, కొత్త పిల్లల్ని కూర్చోబెట్టి భయమేస్తే చెప్పడం సిగ్గుపడాల్సిన పని కాదని చెప్పింది. బురుజుకి తాళం వేసే ఉంది. అవతలి గట్టున ఓక్ చెట్టు ఆకులు నిండుగా ఊగుతూ నిలబడే ఉంది. ఇంజనీరు మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె మాత్రం జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి పరీక్ష చేసే మనిషిని పంపమని అడిగింది. వరసలో ఉన్నారు, ఎదురుచూడండి అన్నారు. చూస్తాను అంది.

దమారిస్ కాసేపు దూరంగా నిలబడి చూసింది. తర్వాత వచ్చి, "గోల్లో నిలబడటం ఎలాగో చూపించు" అంది, ఎటో చూస్తూ. ఓతీలియా కూతురి భుజాలు పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టించింది.

వంటింటి చిమ్నీ నుంచి పొగ తిన్నగా రాకుండా నల్లగా సుళ్ళు తిరుగుతోంది. కిటికీ తెరుచుకుంది. తెయోఫిల్ తల బయటికొచ్చింది, చెంపకి పిండి అంటుకుని. వెనక గవ్రిల్ దగ్గుతున్నాడు.

"ఓతీ! ఉప్పెక్కడుంది?"

ఓతీలియా బంతి మీద నుంచి చూపు తిప్పలేదు. "వంటింటి బాధ్యులెవరో వాళ్ళనడుగు" అని, ఈల ఊదింది.